ముప్పై నాలుగు నుంచి యాభై ఒకటి

విశాఖపట్నం
జూన్

నా జాహిదాకు,

"నిజం చెప్పాలా, ధైర్యం చెప్పాలా?"

ఇంటర్ చదివే రోజుల్లో, మార్కాపురం హాస్టల్ గుమ్మంలో నిలబడి నువ్వు నన్ను అడిగిన ప్రశ్న ఇది. పలకల గనిలో రాయి జారి మా నాయన మీద పడిందని వార్డెనమ్మ నీతో కబురు పంపింది. నేను ధైర్యమే చెప్పమన్నాను. "కాలికి తగిలిందంట ఎలీ, అంతేనంట" అన్నావు. బస్సు కిటికీ పక్కన కూర్చుని, ఇక మీదట నాయన కుంటుతూ నడిస్తే ఎలా ఉంటాడో ఊహించుకుంటూ ఊరికి పోయాను. దిగేసరికి ఇంటి ముందు పాస్టరుగారు, బల్ల మీద నాయన. ఆ ప్రయాణమంతా నువ్వు నాకు ఇచ్చింది దయో మోసమో ఇన్నేళ్ళలో తేల్చుకోలేకపోయాను. కోపంతో అడగడం లేదు. ఇప్పుడు గుమ్మంలో నిలబడింది నేను కాబట్టి అడుగుతున్నాను.

నీ ఉత్తరం, నీ కూతురు సైమా ఎక్స్‌రే ఉన్న సీడీ అందాయి. "ఫోన్లో వద్దు, మా ఆడబిడ్డ వాయిస్ మెసేజీలన్నీ స్పీకర్లో పెట్టి ఇంటిల్లిపాదికీ వినిపిస్తుంది" అని రాశావు. నవ్వొచ్చింది. సరే, హాస్టల్ సెలవుల్లో రాసుకున్నట్టే ఉత్తరాలు రాసుకుందాం.

కాలేజీలో నేనూ నా విద్యార్థులూ కలిసి తయారు చేసిన ప్రోగ్రాం ఏం చేస్తుందో చెబుతాను. ఎక్స్‌రే మొత్తంలో దానికి కావలసింది వెన్నెముక ఒక్కటే. అందుకని ముందు వెన్ను పొడవునా ఒక సన్నని పట్టీ కత్తిరించుకుని, మిగతాదంతా పారేస్తుంది. ఆ పట్టీలో పూసలను ఒక్కొక్కటిగా గుర్తుపడుతుంది. ఒంపుకు పైభాగంలో అన్నిటికంటే ఎక్కువ వాలిన పూస మీద ఒక గీత, కిందిభాగంలో ఎక్కువ వాలిన పూస మీద ఒక గీత గీస్తుంది. ఆ రెండు గీతల మధ్య కోణమే ఒంపు. పది లోపలైతే ఎవరూ పట్టించుకోరు.

సైమాకు ముప్పై నాలుగు వచ్చింది.

చూశావా, నువ్వు అడగకుండానే నిజం చెప్పేశాను. ఇంత ఒంపుకు, ఎదిగే వయసులో, ఒంటికి బిగించే బెల్టు వాడమంటారు. ఎముకల డాక్టరుకు చూపించు. నాలుగైదు నెలల తర్వాత ఇంకో ఎక్స్‌రే తీయించి పంపు. ఒక్క కొలత ఏమీ చెప్పదు. రెండు కొలతల మధ్య తేడానే మాట్లాడుతుంది. పట్టీని గీతలతో సహా అచ్చు తీసి దీనితో పంపుతున్నాను, డాక్టరుకు పనికొస్తుంది.

వందనాలతో,
నీ ఎలీషబా


మార్కాపురం
జూలై

ప్రియమైన ఎలీ,

బెల్టు వచ్చింది. బెల్టంటే నడుముకు పెట్టుకునేది అనుకున్నాను. ఇది చంకల నుంచి తుంటి దాకా గట్టి ప్లాస్టిక్ డొల్ల. ఈ ఎండకు లోపల చెమట, పైన యూనిఫాం, ఆ పైన చున్నీ. "అమ్మీ, నేను తాబేలునైపోయినా. ఇంక ట్యూషన్‌కు లేటుగా పోయినా సారు ఏమనడు" అంటుంది. నవ్వించడానికే అంటుంది. నవ్వలేక వంటింట్లోకి పోతాను.

ఏడాది నుంచి చున్నీ ఒక భుజం మీదే జారుతుండేది. "సరిగ్గా పిన్ను పెట్టుకోవడం చేతకాదా ఏందే" అని రోజూ తిట్టేదాన్ని. పిన్ను తప్పు కాదు, భుజమే దిగింది.

మా ఆయన సంగతి నీకు తెలుసు కదా. "పెరిగే పిల్ల, పుస్తకాల సంచి మోసి మోసి అట్లయింది. అదే సర్దుకుంటాది. ఈ డొల్లలేంది, ఈ డాక్టర్లేంది" అంటాడు. దుకాణంలో కూర్చుని వచ్చే పోయేవాళ్ళతో కూడా అదే అంటాడు.

నాకు అట్లా అనుకోవడం రాదు. మా ఇంట్లో గూని ఫూఫీ ఉండేది, గుర్తుందా? మా అబ్బాజాన్ చెల్లెలు. మీరు హాస్టల్ నుంచి మా ఇంటికి వస్తే వెనక గదిలో నుంచే సేమియా గిన్నె చేయి చాచి ఇచ్చేది, బయటికి వచ్చేది కాదు. పెళ్ళి మాటే ఎవరూ ఎత్తలేదు. చివరికి ఊపిరి ఆడక పోయింది. జనాజా రోజు మౌల్వీసాబు ఆమె పేరు అడిగితే నాకు తెలియలేదు ఎలీ. మెహరున్నీసా అని అబ్బాజాన్ చెప్పాడు. ఒకే ఇంట్లో పెరిగి, ఆమె పేరు ఆమె పోయాక విన్నాను.

సైమాను ఆ గదిలోకి పోనివ్వను.

ఎక్స్‌రే తీసిన కిరణ్ తమ్ముడు మంచివాడు. మగపిల్లాడి ముందు పలచటి గౌనుతో అంటే పిల్ల సిగ్గుతో బిగుసుకుపోయింది. నేను అడిగితే దుప్పటి కప్పి తీశాడు పాపం. అయిదు నెలల తర్వాత మళ్ళీ తీయించి పంపుతాను.

దువాలతో,
జాహిదా


విశాఖపట్నం
డిసెంబరు

జాహిదా,

ఈ ఉత్తరం రెండుసార్లు మొదలుపెట్టి చించేశాను.

నువ్వు పంపిన కొత్త ఎక్స్‌రేలో యాభై ఒకటి వచ్చింది. నమ్మకం కుదరక ప్రోగ్రాంను పక్కన పెట్టి, మన చిన్నప్పటి జామెట్రీ బాక్సులాంటిది కొని తెచ్చి, కోణమానినితో నేనే కొలిచాను. యాభై. నా కన్నూ దాని కన్నూ ఒక డిగ్రీ తేడాలో కలిశాయి. బెల్టు కట్టినా అయిదు నెలల్లో పదిహేడు డిగ్రీలు.

నేను డాక్టరును కాను. కొలవడం వరకే నా పని. కానీ యాభై దాటాక, అందులోనూ ఇంత వేగంగా దాటాక, సర్జన్‌ను కలవమనే ఎవరైనా చెబుతారు. వెన్నుకు రెండు పక్కలా కడ్డీలు వేసి మరలతో బిగిస్తారు. వెన్నెముక లోపలినుంచే కాళ్ళకు నరాలు వెళతాయి. ఆ నరాలకు దెబ్బ తగిలే ప్రమాదం నూటికి ఒకరికో అంతకంటే తక్కువో. అయితే ఆ ఒకరు ఎవరన్నది ఏ ప్రోగ్రాం చెప్పదు.

ఈసారి ధైర్యం చెప్పమని అడగకు. నా దగ్గర లేదు. రెండు పట్టీలూ పక్కపక్కన అచ్చు తీసి పంపుతున్నాను.

సైమాను ముద్దు పెట్టుకున్నానని చెప్పు.

నీ ఎలీషబా


మార్కాపురం
జనవరి

ప్రియమైన ఎలీ,

ఇంట్లో యుద్ధం జరిగింది. ముగిసింది. చెబుతాను.

ఆపరేషన్ మాట ఎత్తగానే ఆయన లేచి నిలబడ్డాడు. "ఏందే నువ్వు మాట్లాడేది? పలకల ఊర్లో పుట్టినదానివి. పలక వంకరుందని వంచితే ఏమైతాది? విరుగుద్ది. ఎముక కూడా అంతే. నా బిడ్డ వంకరగా ఉన్నా నడుస్తాండాది కదా!"

"నడుస్తాంది. ఎంతకాలం నడుస్తాదో నువ్వు చెప్తావా?"

"చెప్పేదానికి నేనేమన్నా అల్లానా? నీ స్నేహితురాలి కంప్యూటరేమన్నా అల్లానా?"

రెండు వారాలు మాటల్లేవు. ఆఖరికి నువ్వు పంపిన రెండు పట్టీలు తీసుకుపోయి దుకాణం బల్ల మీద, ఆయన ముందు పరిచాను. ముప్పై నాలుగు, యాభై ఒకటి. ఒకటి కొంచెం వంగిన కొమ్మ, ఇంకొకటి కొడవలి. చూశాడు. వేలితో ఒకదాని నుంచి ఇంకోదానికి గీసుకుంటూ పోయాడు. "ఇంకో అయిదు నెలలకు?" అన్నాడు. ఆయనే షట్టరు సగం దించి, లోపల కూర్చుని ఏడ్చాడు ఎలీ. నిఖా అయిన ఇన్నేళ్ళలో మొదటిసారి చూశాను.

సర్జన్ దగ్గరికి ముగ్గురం పోయాం. "యాభై అంటే ఆపరేషన్ ఆలోచించాల్సిందే. కొందరిలో ఎదుగుదల ఆగేదాకా కనిపెట్టి చూస్తాం. కానీ ఇంత వేగం ఉంటే ఆగమని నేను చెప్పలేను" అన్నాడు. మార్చిలో పరీక్షలు అయిపోగానే చేస్తారు.

సైమా నీకు చెప్పమన్న మాట: "ఖాలా, నీ కంప్యూటర్‌కు చెప్పి కొంచెం తగ్గించి వేయించరాదా? మా లెక్కల సారే గ్రేస్ మార్కులు వేస్తాడు!"

దువా చెయ్యి. నీ దేవుడికి కూడా ఒక మాట చెప్పు.

జాహిదా


ఆసుపత్రి నుంచి
ఏప్రిల్

ఎలీ,

వీపు నిటారుగా వచ్చింది. కాళ్ళు కదలడం లేదు.

మొదటి రోజు మత్తు వల్ల అన్నారు. తర్వాత వాపు అన్నారు. మళ్ళీ లోపలికి తీసుకుపోయి కడ్డీలు కొంచెం వదులు చేశారు. ఎడమ కాలి బొటనవేలు కదిలినట్టు నాకు కనబడింది. సైమాకు తెలియలేదు. డాక్టరు రోజూ వచ్చి "చూద్దామమ్మా" అంటాడు. నిజం చెబుతున్నాడో ధైర్యం చెబుతున్నాడో ముఖం చూసి పట్టుకోలేకపోతున్నాను.

ఫోను చేయకు. ఆయన పక్కనే ఉంటాడు.

జాహిదా


విశాఖపట్నం
జూన్

నా జాహిదాకు,

మీరు ఊరికి చేరారని విన్నాను. రైల్లో దారి పొడవునా సైమా కింది బెర్తు మీద పడుకుని కిటికీలో ఆకాశం మాత్రమే చూస్తూ వచ్చిందని, స్టేషన్ పేర్లు నువ్వు చదివి చెప్పావని మీ తమ్ముడు చెప్పాడు. ఆ మాట నా మనసులోంచి పోవడం లేదు.

నేను ఇప్పుడు రాయబోయేది రాయాలా వద్దా అని చాలా తర్జనభర్జన పడ్డాను. ఇంకా పడుతూనే రాస్తున్నాను.

సైమా మొదటి సీడీ నా బల్ల సొరుగులోనే ఉంది. ఈసారి పట్టీ కాకుండా ఎక్స్‌రే మొత్తం తెరిచాను. ఇంతకు ముందు తెరవలేదు. ప్రోగ్రాం పారేసేదాన్ని చూడాలని నాకు తోచలేదు. నిలబడ్డ మనిషి కడుపులో నీళ్ళు కిందికి, గాలి పైకి చేరతాయి. ఎక్స్‌రేలో ఆ రెంటి మధ్య సగం నింపిన చెంబులో నీటి అంచులాగా అడ్డంగా ఒక గీత కనబడుతుంది. నువ్వు పంపిన రెండో ఎక్స్‌రేలో ఆ గీత ఉంది. మొదటిదానిలో లేదు.

అప్పుడు నీ జూలై ఉత్తరం తీసి చదివాను. "దుప్పటి కప్పి తీశాడు." నిలబడ్డ పిల్లకు దుప్పటి ఎలా కప్పుతారు జాహిదా?

వెన్ను ఒంపును నిలబెట్టే కొలవాలి. పడుకుంటే ఒంటి బరువు వెన్ను మీద పడదు, ఒంపు కొంత సర్దుకుంటుంది. అదే పిల్ల, అదే రోజు నిలబడి ఉంటే ముప్పై నాలుగు కాదు, నలభై పైన చూపించి ఉండేది. అంటే పదిహేడు డిగ్రీల పెరుగుదలలో సగమో ఇంకా ఎక్కువో పెరుగుదలే కాదు. పరుపు మీది సైమాకూ నేల మీది సైమాకూ తేడా అది.

యాభై ఒకటి మాత్రం నిజమే. ఆపరేషన్ ఎప్పటికైనా అవసరమయ్యేదేమో. కాకపోయేదేమో. నాకు తెలియదు.

ఒక్కటి చెప్పు. ఆ రోజు సైమాను నిలబెట్టారా, పడుకోబెట్టారా?

నీ ఎలీషబా


మార్కాపురం
జూలై

ఎలీ,

పడుకోబెట్టాడు. నేనే అడిగాను. కిరణ్ తమ్ముడు "నిలబడి తీస్తే మంచిదక్కా" అన్నాడు. "ఆడపిల్ల, గౌనుతో అట్ల నిలబడితే ఎట్ల తమ్ముడూ, నీకూ చెల్లెళ్ళు ఉండారు కదా" అన్నాను. చెల్లెళ్ళ మాట ఎత్తేసరికి తల వంచుకుని సరే అన్నాడు. వాడిని ఏమీ అనకు.

నువ్వు ఇంత మాత్రమే కనుక్కున్నావు. మిగతాది నేను చెబుతాను.

రెండో ఎక్స్‌రే వేరే చోట, ఒక ఆడమనిషి తీసింది. పాత ఫిల్మ్ చూపించమంది. వెలుతురుకు పెట్టి చూసి, "ఇది పడుకోబెట్టి తీసింది గదమ్మా. దీనికీ దానికీ పోలిక పెట్టొద్దు. డాక్టరుకు ఈ మాట చెప్పు, మర్చిపోయేవు" అంది.

మర్చిపోలేదు ఎలీ.

నువ్వు పదిహేడు పెరిగిందని రాసినప్పుడు నాకు తెలుసు, అంత పెరగలేదని. ఆయన ముందు రెండు పట్టీలు పరిచినప్పుడు తెలుసు. యాభై ఒకటి ఒక్కటే చూపిస్తే ఆయన "ఉండనీలే" అనేవాడు. పెరుగుతుందంటేనే భయపడతాడు. ఆయన వేలు ఒకదాని నుంచి ఇంకోదానికి పోతుంటే చూస్తూ ఊరుకున్నాను. సర్జన్ "మొదటి ఫిల్మ్ తెచ్చారా?" అని అడిగాడు. ఇంట్లో ఉండిపోయింది సార్ అన్నాను. నా చేతిసంచిలోనే ఉంది. నువ్వు పంపిన పట్టీలే ఇచ్చాను. వాటిలో కడుపు లేదు, గీత లేదు.

ఫూఫీ కోసం చేశాను అనుకో. నా కోసం చేశాను అనుకో. ఎట్లనైనా అనుకో. అప్పుడు నాకు కనబడింది వెనక గది తలుపు ఒక్కటే.

ఇప్పుడు ఆయన దుకాణం మధ్యాహ్నమే కట్టేసి వస్తాడు. నువ్వుల నూనె వెచ్చ చేసి పిల్ల పాదాలు రుద్దుతాడు. రుద్దుతూ, "మంచి పనే చేసినాం జాహిదా. లేకుంటే ఇంకా పెరిగిపోయేది. కాళ్ళదేముంది, వస్తాయి" అంటాడు. ఆ మాట మీదే బతుకుతున్నాడు. దాన్ని నేను తీసేయాలా?

సైమా ఒకరోజు అడిగింది, "అమ్మీ, మొదటిసారి నన్ను పండబెట్టి తీసినారు కదా, అది ఖాలాకు తెలుసా?" అని. ఆ పిల్లకు అంతా తెలుసేమో అనిపించింది. నా ముఖం చూసి మళ్ళీ పుస్తకంలోకి తల దించుకుంది.

కొత్త ఎక్స్‌రే పంపుతున్నాను. కొలిచి చెప్పు. ఒకప్పుడు నీకు ధైర్యం చెప్పినదాన్ని. నువ్వు నాకు ఏం చెబుతావో చెప్పు.

జాహిదా


విశాఖపట్నం
ఆగస్టు, శనివారం

జాహిదా,

ప్రోగ్రాంలో ఒక మార్పు చేశాను. ఇప్పుడది కొలవబోయే ముందు ఆగి అడుగుతుంది: నిలబడా, పడుకునా? జవాబు ఇవ్వనిదే కోణం చెప్పదు. విద్యార్థులు "ఇంత చిన్న ప్రశ్నకు ఇంత హడావిడి ఎందుకు మేడం" అన్నారు.

సైమా కొత్త ఎక్స్‌రేకు "పడుకుని" అని నొక్కాను. ఈసారి సిగ్గు వల్ల కాదు, దుప్పటి వల్ల కాదు. పదమూడు వచ్చింది. నేను చూసిన వెన్నుల్లో ఇంత చక్కగా దిద్దినవి తక్కువ. పట్టీని మాత్రమే చూసేవాళ్ళెవరైనా సంతోషిస్తారు.

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు నీతో మనసులోనే పోట్లాడాను. నా కొలతను పట్టుకుపోయి నువ్వు అబద్ధానికి వాడావు అని ఒక పూట. నిండు ఎక్స్‌రేను ఒక్కసారైనా తెరవని దానివి నువ్వేం మాట్లాడతావు అని ఇంకో పూట. ఫూఫీ చేయి, ఆ సేమియా గిన్నె గుర్తొచ్చాయి. ఆ చేతికి ముఖం ఉంటుందని ఆ వయసులో నాకు ఒక్కసారైనా తోచలేదు. నువ్వు చూసిన భయాన్ని నేను చూడలేదు. అయినా నిన్ను క్షమించానని రాయలేకపోతున్నాను. తప్పు పట్టానని కూడా రాయలేను.

ఇంతలో గురువారం మీ ఆయన ముస్తాక్ ఫోను చేశాడు. నీకు చెప్పలేదనుకుంటాను. నా నంబరు మీ తమ్ముడి దగ్గర తీసుకున్నాడట.

"అక్కా, నువ్వు సదువుకున్నదానివి, ఆ లెక్కలు తీసినదానివి. ఒక్క మాట చెప్పు. ఆ ఆపరేషన్ చేపీకుండా ఉండింటే నా బిడ్డ ఏమై ఉండేది? జాహిదాను అడిగితే ఏడుస్తాది. డాక్టరు ఇంగ్లీషులో చెప్తాడు. మా జాహిదా అంటుంటాది కదా, నిజమా, ధైర్యమా అని. నాకు ధైర్యం వద్దక్కా. నిజం చెప్పు."

క్లాసుకు టైమైంది తమ్ముడూ అన్నాను. నిజానికి ఆ పూట నాకు క్లాసు లేదు.

"సరే అక్కా. ఆదివారం పొద్దున నువ్వు చర్చికి పోతావు కదా, సాయంత్రం చేస్తా" అన్నాడు. చివర్లో గొంతు తగ్గించి, "బొటనవేలు కదిలింది, నేను చూసినా" అన్నాడు. నువ్వు చూసిన వేలేనా అది, వేరేదా?

మా నాయన విషయంలో నేను ధైర్యం అడిగాను, నువ్వు ఇచ్చావు. అడిగినదే ఇచ్చావని ఇన్నేళ్ళూ నిన్ను వెనకేసుకొచ్చాను. ముస్తాక్ నిజం అడుగుతున్నాడు. అడిగినదే ఇవ్వాలి కదా. కానీ ఆయనకు ఇవ్వదగిన నిజం నా దగ్గర సగమే ఉంది. ఒంపు అంత వేగంగా పెరగలేదని తెలుసు. ఆపరేషన్ లేకుండా పిల్ల బాగుండేదని తెలియదు. ఆ సగం చెబితే పాదాలు రుద్దే ఆ చేతులు ఆగిపోతాయేమో, నిన్ను చూసే చూపు మారిపోతుందేమో. చెప్పకపోతే, మీ ఇద్దరి మధ్యా ఉన్న ఆ దుప్పటికి నేను ఇంకో అంచు పట్టుకున్నట్టే.

ప్రార్థన చేశాను. జవాబు రాలేదు. వచ్చినా నాకు వినబడే స్థితి లేదేమో.

ఈ ఉత్తరం నీ చేతికి చేరేసరికి ఆదివారం దాటిపోయి ఉంటుంది. ఆయనతో నేను ఏం చెప్పానో ఇది విప్పే ముందే ఆయన ముఖంలో నీకు కనబడి ఉంటుంది. ఇది రాస్తున్న నాకు మాత్రం ఇంకా తెలియదు.

సైమా పాదాలకు నా ముద్దులు.

ఎలీషబా